కామెర్లని చెప్పారు

కొబ్బరి బోండాం కనిపిస్తే చాలు, విజయకుమారికి ఒళ్ళు మండిపోతోంది. బందరులో అవి కనిపించని చోటు లేదు. బస్టాండు దగ్గర గుట్టలు, కోర్టు గేటు పక్కన గుట్టలు. ఈ ఆసుపత్రి ఎదురుగా అయితే వరసగా బళ్ళు. రోగుల కోసం కాదు, రోగుల్ని చూడటానికి వచ్చేవాళ్ళ కోసం పెట్టిన బళ్ళవి. ఈ జిల్లాలో ఒట్టి చేతులతో ఆసుపత్రి మెట్లెక్కితే మర్యాద కాదు. ముఖపరిచయం ఉన్నవాళ్ళు బ్రెడ్డు ప్యాకెట్టు తెస్తారు, తెలిసినవాళ్ళు బత్తాయిలు తెస్తారు, కావలసినవాళ్ళు బోండాలు తెస్తారు. దగ్గరుండి తల చెక్కించి, గుండెలకు ఆనించుకుని మరీ తెస్తారు.

మాధవీలతకు కావలసినవాళ్ళు చాలామంది. అదే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది.

మొదటి అంతస్తులో మెట్లు ముగిసే చోట కుర్చీ వేసుకుని కూర్చుంది విజయకుమారి. ఆ కుర్చీ దాటితే ఆడవాళ్ళ వార్డు. వార్డులో కిటికీ పక్క మంచం మాధవీలతది. టెలిఫోన్ ఆఫీసుకు సెలవు పెట్టి విజయకుమారి చేస్తున్న పని ఒక్కటే. ఆ కుర్చీ దాటి ఒక్క బోండాం కూడా లోపలికి పోకూడదు.

వాళ్ళ ఆఫీసు లైన్‌మన్ యాకోబు రెండు చేతుల్లో రెండు బోండాలతో, చంటిపిల్లల్ని ఎత్తుకున్నట్టు మెట్లెక్కి వచ్చాడు.

"మాధవీలత మేడమ్‌ని చూసి పోదామని వచ్చానండీ."

"నిద్రపోతోంది."

"పర్లేదండీ, లేచేదాకా కూర్చుంటా."

"లేవదు."

యాకోబు నవ్వాడు. "లేవకపోవటం ఏంటండీ. కామెర్లేగా. మా బామ్మర్దికి వచ్చినప్పుడు పొద్దునా సాయంత్రం ఇయ్యే పట్టించాం. మళ్ళీ ఎద్దులా తిరుగుతున్నాడు. లేత కాయలండీ, నీళ్ళు పలచగా ఉంటయ్."

"తీసుకుపో."

"అండీ?"

"చెవుడా నీకు? తీసుకుపొమ్మంటున్నాను. మీ బామ్మర్దికే పట్టించు పో."

వానలో స్తంభాలెక్కి లైన్లు బాగుచేసే మనిషి. ఏనాడూ మాట తూలని మనిషి. అతని ముఖం చిన్నబోయింది. బోండాలు రెండూ పై మెట్టు మీద జాగ్రత్తగా నిలబెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, "ఏదో చిరాకులో ఉన్నట్టున్నారు, మేడమ్ గారికి చెప్పండి నేనొచ్చానని" అంటూ దిగిపోయాడు.

అతను కనుమరుగైన తరవాత విజయకుమారి లేచి ఒక బోండాన్ని కాలితో తన్నింది. అది మెట్టు మెట్టుకీ కొట్టుకుంటూ, నీళ్ళు చిమ్ముకుంటూ కిందకు దొర్లింది. ఆ చప్పుడు ఆమెకు చాలా బాగుంది. అంత బాగున్నందుకు కాస్త భయం కూడా వేసింది.

ఆమెకు ఇలాంటి కోపం ఉందని ఆమెకే తెలియదు. బందరు ఎక్స్చేంజిలో ట్రంకు బోర్డు ముందు ఏళ్ళ తరబడి కూర్చుని, కనెక్షన్ దొరకని వాళ్ళందరూ తిడుతుంటే, "దయచేసి లైన్లో ఉండండి" అని ఒకే గొంతుతో చెప్పిన మనిషి. పక్క కుర్చీలో మాధవీలత. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. దివిసీమ చివర, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పల్లె నుంచి వచ్చింది మాధవీలత. చేపల వేటకు వెళ్ళేవాళ్ళ పిల్ల. గుడివాడ దగ్గర పొలాలున్న ఇంటి నుంచి వచ్చింది విజయకుమారి. పెళ్ళి వద్దనుకుని, ఇంటివాళ్ళతో మాటలు తెంచుకుని, బందరులో ఒంటరిగా గది తీసుకుంది. ఆ గదికి మనిషనేవాళ్ళు ఎవరైనా వచ్చారంటే అది మాధవీలతే.

ఎస్.టి.డి. బూత్‌లు వచ్చి ట్రంకు బోర్డులు పోయాయి. ఇద్దరినీ బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆ కౌంటర్లోనే ఒకరోజు మాధవీలత పాదాలు చెప్పుల్లో పట్టలేదు. తరవాత వాంతులు. తరవాత ఈ ఆసుపత్రి. కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారంలో రెండుసార్లు మిషన్ మీద పెట్టి రక్తం శుభ్రం చేస్తున్నారు.

ఆ సంగతి తెలిసిన పూట గదిలో ఉన్నది ముగ్గురే. మాధవీలత, ఆమె భర్త భూషణం, విజయకుమారి. "ఎవరికీ చెప్పొద్దు" అంది మాధవీలత. "కామెర్లని చెప్పండి. కామెర్లంటే ఎవరూ భయపడరు." భూషణం తలూపాడు. విజయకుమారి చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టించుకుంది మాధవీలత. ఆ తేలిక మాట దొరికినందుకు ముగ్గురికీ ఊపిరాడింది కూడా. కామెర్లని వింటే ఈ జిల్లా జనం మొదట ఏం పట్టుకొస్తారో ఆ క్షణంలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు డాక్టరు చెప్పాడు. కొబ్బరి నీళ్ళు, పళ్ళ రసాలు ఈమెకు విషంతో సమానం, వాటిలో ఉండే పొటాషియం బయటికి పోవడానికి కిడ్నీలు లేవు, అది గుండెను ఆపేస్తుంది. అప్పటికే కామెర్ల మాట ఊరంతా పాకింది. భూషణం అన్న గంగాధరరావు వచ్చి, విజయకుమారి మందుల కోసం కిందికి దిగిన సందులో, మరదలి చేత గ్లాసు నిండా తాగించి పోయాడు. పెద్దవాడు ఇస్తుంటే కాదనలేకపోయానంది మాధవీలత. ఆ సాయంత్రం ఆమె గుండె కొట్టుకోవడం తగ్గుతూ తగ్గుతూ వచ్చి, నర్సు ఎలీసబెతు పరుగెత్తుకొచ్చి చూడకపోతే అక్కడితో అయిపోయేది.

అప్పటి నుంచి మెట్ల దగ్గర ఈ కుర్చీ.

"ఎవరే వచ్చింది?" లోపలికి వెళ్ళగానే అడిగింది మాధవీలత.

"ఎవరూ లేరు."

"బోండాం దొర్లిన చప్పుడు విన్నా."

"యాకోబు."

"పాపం. ఏమన్నావ్?"

"వాళ్ళ బామ్మర్దికి పట్టించమన్నాను."

మాధవీలత నవ్వబోయి ఆయాసపడింది. ముఖం ఉబ్బి, కళ్ళు చిన్నవై, నవ్వు ఎక్కడో లోపలి నుంచి రావలసి వస్తోంది. "నువ్వు నా ఫ్రెండువా, గేటు దగ్గర కుక్కవా?"

"కుక్కనే."

"కుక్కవైతే కాసిని నీళ్ళియ్యవే. దానికైనా జాలి ఉంటది."

రోజుకు ఇన్నే నీళ్ళని కొలిచి సీసాలో పోసి ఇస్తుంది ఎలీసబెతు. విజయకుమారి సీసా మూత నిండా పోసి పెదాలకు అందించింది. మాధవీలత ఆ మూతెడు నీళ్ళనూ నోట్లో నిలుపుకుని, కళ్ళు మూసుకుని, ఎంతకూ మింగలేదు. సముద్రం పక్కన పుట్టిన మనిషి మూతెడు నీళ్ళను అలా దాచుకోవడం చూస్తుంటే విజయకుమారికి ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపించింది.

"చెప్పేద్దామే" అంది. "నిజం చెప్పేస్తే ఒక్కడూ బోండాం తేడు. నేనిట్లా అందరి మీదా అరవక్కర్లేదు. మెట్ల మీద పిచ్చిదానిలా కనిపిస్తున్నాను."

"ఒట్టేశావు."

"ఒట్టూ లేదు, గిట్టూ లేదు."

"ఇక్కడ ఒక్కరికి తెలిస్తే సాయంత్రానికి అవనిగడ్డ బస్సెక్కి పోద్ది ఆ మాట. మా అత్తకి చేరుద్ది. అత్త తట్టుకోలేదు విజ్జీ."

కొండమ్మ మాధవీలతకు మేనత్త. ఉప్పెన వచ్చిన రాత్రి ఒక చేత్తో తాడిచెట్టును, ఒక చేత్తో ఈ పిల్లను కరుచుకుని ఉండిపోయిన మనిషి. వీపున పట్టుకుని ఉన్న సొంత పిల్లలిద్దరూ ఆ నీళ్ళలో జారిపోయారు. తెల్లారేసరికి ఊళ్ళో బావులన్నీ ఉప్పయిపోతే, కూలిన చెట్ల కింద కాయలు ఏరి, రాతికేసి కొట్టి, ఆ నీళ్ళతోనే ఈ పిల్లను నిలబెట్టింది. ఆ కథ మాధవీలత ట్రంకు బోర్డు ముందు, కాల్స్ లేని వేళల్లో, ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఈ పిల్లకు జ్వరం వస్తే, తగ్గేదాకా అన్నం ముట్టదట కొండమ్మ.

"నాకు చెప్పావుగా" అనాలనుకుంది విజయకుమారి. "నేను తట్టుకుంటానని నీకెవరు చెప్పారు? నేను రాయినా? ఆవిడ పువ్వని తప్పించిన బరువు నా నెత్తిన పెట్టావేం?"

అనలేదు. మంచం మీద ఉన్న మనిషిని ఎలా అంటుంది? పైగా ఆ మాటలో ఇంకొకటి దాగి ఉంది. ఆమె దాన్ని చూసింది, చూసి అసహ్యించుకుంది. చావుబతుకుల్లో ఉన్న స్నేహితురాలి పక్కన కూర్చుని, ఒక ముసలామెను చూసి ఉడుక్కోవడం. దాన్ని లోపలికి తోసేసింది. తోసిన ప్రతిసారీ అది కోపమై ఇంకో దారిన బయటికొస్తోందనీ, పాపం యాకోబుల మీద పడుతోందనీ ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలిసినంత మాత్రాన అది ఆగలేదు. ఇంకోటి కూడా తెలుసు. కోపం ఉన్నంతసేపూ భయం దగ్గరికి రావడం లేదు. అందుకే దాన్ని ఆరనివ్వడం లేదు.

సాయంత్రం భూషణం వచ్చాడు. వార్డులోకి రాకుండా కుర్చీ దగ్గరే నిలబడి చొక్కా గుండీ తిప్పుతున్నాడు.

"విజయ గారూ, ఒక చిన్న పొరపాటు జరిగిందండీ."

"చెప్పండి అన్నయ్యగారూ."

"కొండమ్మ అత్త ఫోన్ చేసింది, ఊళ్ళో బూత్ నుంచి. ఎవరో చెప్పారంట ఒంట్లో బాగోలేదని. రేపు పొద్దున బస్సుకొస్తానంది."

"మీరేం చెప్పారు?"

"కామెర్లనే చెప్పానండీ. కంగారేం లేదన్నాను."

"తరవాత?"

"మన చెట్టు కాయలు తెస్తానంది."

"మీరేమన్నారు?"

భూషణం గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. "తెమ్మన్నానండీ. వద్దంటే ఎందుకని అడుగుద్ది కదా."

"బుద్ధుందా మీకు?" అంది విజయకుమారి. అంత గట్టిగా ఆమె జీవితంలో ఏ మగవాడితోనూ మాట్లాడలేదు. "పెళ్ళాం ప్రాణం కంటే మీకు మొహమాటం ఎక్కువా? ఒక్క మాట, వద్దు అనే ఒక్క మాట మీ నోట్లోంచి రాదా?"

"మీరు మాత్రం చెప్పగలరా అండీ ఆవిడకి?" అన్నాడు భూషణం నెమ్మదిగా. ఎత్తిపొడిచినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు హెడ్ ఆపరేటరు వాళ్ళిద్దరికీ చెప్పింది ఒకటే. లైన్లో విన్నది బయట అనకూడదు. ఎవరింట్లో చావు, ఎవరింట్లో తగాదా, అన్నీ మన చెవిలోంచే పోతాయి, మనకేమీ తెలియదు. విజయకుమారి దాన్ని ఉద్యోగ నియమంలా కాక స్వభావంలా పట్టుకుంది. ఎందరి రహస్యాలో మోసింది. ఒక్కటీ జారలేదు. తన గురించి తను గర్వపడేది ఏమైనా ఉందంటే అదొక్కటే.

మర్నాడు కొండమ్మ రానే వచ్చింది. నెత్తి మీద గోనెసంచి, చంకలో గుడ్డలో చుట్టిన కత్తి. మెట్లెక్కినా ఆయాసం లేదు.

"ఏమ్మా విజయా, ఇట్టా అయిపోయావేంది? తిండి తింటన్నావా లేదా?" సంచి దించింది. "మా ఇంటికొచ్చి పీతల కూర తిన్నప్పుడు బుగ్గలుండేయి నీకు. ఏదీ మా పిల్ల?"

"అత్తా, ఆ సంచి ఇక్కడే పెట్టి వెళ్ళు. డాక్టరు బయటివి వద్దన్నాడు."

"బళ్ళ మీద కాయలు వద్దనుంటాడు. ఇది మన చెట్టుది. ఉప్పెన తరవాత నేను పెట్టిన చెట్టు."

"ఎవరివైనా వద్దన్నాడు."

"ఎందుకంట?"

విజయకుమారి కుర్చీని దారికి అడ్డంగా లాగింది. "పడదంట" అంది.

"పడదా? దానికి కొబ్బరి నీళ్ళు పడవా?" కొండమ్మ పకపకా నవ్వింది. "అది బతికిందే వాటితో. తప్పుకోమ్మా, తప్పుకో." పడవ తాళ్ళు లాగిన చేతులు. కుర్చీని, దాంతో పాటు విజయకుమారిని పక్కకు జరిపేసి లోపలికి వెళ్ళిపోయింది.

మాధవీలత అత్తను చూసి లేచి కూర్చుంది. ముందు రోజు తల కూడా ఎత్తలేని మనిషి, పళ్ళు కనిపించేలా నవ్వింది. "ఎందుకొచ్చావత్తా ఇంత దూరం, తగ్గిపోయింది" అంది. కొండమ్మ ఆమె పాదాలు ఒత్తి చూసింది, "ఒళ్ళంతా నీరు పట్టిందే" అంది, నేల మీద కూర్చుని మూడు దెబ్బల్లో కాయ కొట్టి స్టీలు గ్లాసులోకి వంపింది.

"తాగు తల్లీ."

ఎలీసబెతు కోసం చుట్టూ చూసింది విజయకుమారి. వార్డులో లేదు. మాధవీలత గ్లాసు అందుకుంది. పెదాలు తడుపుకుని దింపేస్తుందిలే అనుకుంది విజయకుమారి. అప్పుడు మాధవీలత కళ్ళెత్తి ఆమె వంక చూసింది. ఆ చూపులో దాహం ఉంది. దాహంతో పాటు, ఒక్క గ్లాసుకి ఏమవుద్దిలే అనే వేడుకోలు ఉంది. ఇది తాగుతుంది, అత్తకు వద్దని చెప్పడం కంటే చావడం తేలిక దీనికి, అని తెలిసిపోయింది విజయకుమారికి. ఇన్నాళ్ళూ యాకోబు మీద, గంగాధరరావు మీద, భూషణం మీద చల్లుకుంటూ వచ్చిన కోపం ఒక్కసారిగా తన అసలు చోటుకు చేరుకుంది.

ఒక్క దూకులో వెళ్ళి గ్లాసును కొట్టింది. అది ఎగిరి గోడకు తగిలి మంచం కిందకు పోయింది. నీళ్ళు దుప్పటి మీద, కొండమ్మ ఒళ్ళో పడ్డాయి.

కొండమ్మ లేచి ఆమె చెంప పగలగొట్టింది. "నా చెట్టు నీళ్ళు నేల పాలు చేస్తావటే? నా పిల్ల నోటి కాడిది లాగేస్తావా? ఎవరే నువ్వు అసలు?"

"కామెర్లు కాదు!" విజయకుమారి అరిచింది. "కిడ్నీలు పోయినయ్ దానికి. రెండూ పోయినయ్. మిషన్ మీద బతుకుతోంది. ఈ నీళ్ళు తాగితే గుండె ఆగిపోద్ది. ఒకసారి ఆగబోయింది కూడా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నువ్వు తట్టుకోలేవంట. తాగి చస్తుందంట గానీ నీకు మాత్రం చెప్పదంట!"

"విజ్జీ!" అంది మాధవీలత. అంత అసహ్యంతో ఎవరూ ఎప్పుడూ విజయకుమారిని పిలవలేదు.

పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. ఎలీసబెతు గుమ్మంలో నిలబడిపోయింది. కొండమ్మ తడిసిన ఒడిని చూసుకుంది. తరవాత కత్తిని చూసింది, దాన్ని గుడ్డలో చుట్టి దూరంగా జరిపింది. కూలిపోతుందని అందరూ ఎదురు చూశారు.

"నేను తట్టుకోలేనన్నావా?" అంది మాధవీలతతో.

"అత్తా, నీకు తెలిస్తే నువ్వు..."

"నోర్ముయ్. నా ఇద్దరు పిల్లలూ నా వీపు మీంచి పోయారు. తెల్లారి లేచి నీకు కాయ కొట్టి తాపాను. ఏడుస్తా కూర్చున్నానా? నీ ముందు ఏడవటం ఎప్పుడన్నా చూశావటే నువ్వు? తట్టుకోలేనని నీకెవరు చెప్పారే?" ఆమె గొంతు చేపల రేవులో వేలం పాడే గొంతు. వార్డు దాటి మెట్ల దాకా వినిపించింది. "నేను తట్టుకోలేనిది ఒకటే ఉంది. నా చేత్తో నీకు విషం పోసి పెట్టడం. దానికి సిద్ధమయ్యావు నువ్వు. నవ్వుకుంటా గ్లాసు పట్టుకున్నావు. రేపు పాడె కట్టాక ఎవరో చెబితే తెలిసేది నాకు. అప్పుడు ఏం చేసేదాన్నే, సిగ్గులేని దానా!"

ఇన్నాళ్ళూ తను అనలేకపోయినవన్నీ ఇంకొకరి నోట వింటూ నిలబడింది విజయకుమారి. రోగిని తిట్టవచ్చని ఆమెకు తెలియదు. తిడితే రోగి చచ్చిపోలేదు. మాధవీలత గోడ వైపుకు తిరిగి పడుకుంది. ఆమె వీపు అదురుతోంది. అది ఏడుపో కోపమో తెలియలేదు.

విజయకుమారి బయటికొచ్చి కుర్చీలో కూర్చుంది. చెంప మండుతోంది. కోపం ఎక్కడా లేదు. దాని కింద ఇన్నాళ్ళూ ఉన్నది పైకి వచ్చింది. ఇది చచ్చిపోవచ్చు. మిషన్లు, కొలిచిన నీళ్ళు, కుర్చీలు, అన్నీ ఉన్నా చచ్చిపోవచ్చు. అప్పుడు తన గది తలుపు తట్టేవాళ్ళు ఉండరు.

కాసేపటికి కొండమ్మ సంచి ఈడ్చుకుంటూ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. ఇంకో కాయ కొట్టి, కాయతో సహా చేతికిచ్చింది.

"తాగు."

"వద్దత్తా."

"నీ కిడ్నీలు బానే ఉన్నయ్ కదా? తాగు. నేను కొట్టింది నొప్పిగా ఉందా?"

"ఉంది."

"ఉండనీ. నువ్వు అంతకు ముందే చెప్పాల్సింది. ముందే చెబితే ఇన్ని కాయలు మోసేదాన్నా?"

విజయకుమారి తాగింది. తియ్యగా ఉంది. ఇన్ని రోజులు కాలితో తన్నిన వస్తువు ఇంత తియ్యగా ఉన్నందుకు ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది.

కింది నుంచి గంగాధరరావు వస్తున్నాడు, చంకలో రెండు బోండాలు. విజయకుమారి లేవబోయింది. కొండమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఏమయ్యా అన్నగారూ! ఆగాగు అక్కడే. మా పిల్లకి కిడ్నీలు పోయినయ్. ఆ నీళ్ళు తాగితే చచ్చిపోద్ది. నువ్వు తాగి రా పైకి."

గంగాధరరావు మెట్ల మధ్యలో బిగుసుకుపోయాడు. కింద మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళు తలలెత్తి చూశారు. సాయంత్రానికి ఈ మాట అవనిగడ్డ దాకా పోతుంది, రేపటికి టెలిఫోన్ ఆఫీసంతా తెలుస్తుంది. లోపల మాధవీలత ఇదంతా వింటూనే ఉంటుంది.

మంగళవారం మిషన్ మీద పెట్టారు. గొట్టాల్లోంచి ఎర్రగా రక్తం వెళ్తూ, తిరిగొస్తూ ఉంది. మాధవీలత విజయకుమారితో మాట్లాడటం మానేసింది. కొండమ్మతో మాట్లాడుతోంది, భూషణంతో మాట్లాడుతోంది, పరామర్శకు వచ్చి ముఖాలు వేలాడేసుకుని నిలబడ్డ వాళ్ళతో కూడా మాట్లాడుతోంది. విజయకుమారి మంచం దగ్గరికి వస్తే ముఖం తిప్పుకుంటోంది. ఇలా ఎన్నాళ్ళయినా సాగవచ్చని విజయకుమారికి తెలుసు. మాధవీలత మొండితనం ఆమె ఎరగనిది కాదు.

మూతలో నీళ్ళు పోసి అందించింది. మాధవీలత అందుకోలేదు.

"తాగు. నాతో మాట్లాడక్కర్లేదు."

"ఒట్టు తప్పినదానివి" అంది మాధవీలత గోడతో.

"తప్పాను."

"నలుగురూ నా వంక పాడెని చూసినట్టు చూస్తన్నారు. నీ వల్లే."

"నా వల్లే. నీళ్ళు తాగు."

"మళ్ళీ అట్టా చేస్తావా?"

"చేస్తాను."

మాధవీలత మూత లాక్కుని, ఆ మూతెడు నీళ్ళూ ఒక్క గుక్కలో మింగి, మిషన్ గొట్టాలు లేని చేత్తో మూతను ఆమె మీదికి విసిరింది. అది విజయకుమారి నుదుటికి తగిలి నేల మీద గిరగిరా తిరుగుతూ పోయింది. బాగానే తగిలింది.

విజయకుమారి వంగి మూత తీసి, కుళాయి దగ్గర కడిగి, మళ్ళీ సీసాకు బిగించింది. తరవాత కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చుంది. మెట్ల దగ్గర నుంచి కొండమ్మ గొంతు వినిపిస్తోంది, ఎవరినో వెనక్కి పంపుతూ.